ముందు బలము, తరువాత వేగము
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో పెద్దలు ప్రసంగించుట ఆనవాయితీ. ఈ పర్యాయము కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఆఫీసులో చేయు పని ఏమిటో మాకు బోధపడునట్లు నాలుగు మాటలు చెప్పండి" అని కోరినారు. నా పని కంప్యూటరు కెర్నెల్‌లో డ్రైవర్లు వ్రాయుట. కెర్నెల్ అనగా యంత్రమునకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పాలన సాగించు మూల ప్రోగ్రాము. అందులో ఒక్కొక్క పరికరమును నడుపు భాగము డ్రైవరు. ప్రాసెసరు వేగమును మార్చు డ్రైవరు వోల్టేజిని క్షేమముగా ఎట్లు నిర్వహింపవలెనో నేడు మనవి చేసెదను.

ప్రాసెసరు క్లాకు తాళమునకు నడచును. క్లాకు 1 గిగాహెర్ట్జ్ అయినచో సెకనుకు 100 కోట్ల అడుగులు. ఒక్కొక్క అడుగునకు దొరకు వ్యవధి 1 నానోసెకను. ఆ లోపల ట్రాన్సిస్టర్లు పని ముగించి ఫలితమును సిద్ధపరుపవలెను. వోల్టేజి తగ్గినకొలది అవి మందగించును. తాళము పడు వేళకు ఫలితము సిద్ధము కానిచో యంత్రము తప్పు విలువనే ఒప్పుగా గ్రహించును. అది ఆగిపోయినను మేలే. ఆగక తప్పు లెక్కతో ముందుకు సాగుటయే ప్రమాదము.

అట్లయిన వోల్టేజిని ఎల్లప్పుడు ఎక్కువగనే ఉంచరాదా? ఉంచవచ్చును గాని ఖర్చు అధికము. ట్రాన్సిస్టర్లు మారుటలో వ్యయమగు విద్యుత్తు వేగమును బట్టియు, వోల్టేజి వర్గమును బట్టియు పెరుగును. వేగమును సగము చేసి, వోల్టేజిని 1.2 నుండి 0.9 వోల్టులకు దించినచో ఆ వ్యయము 100కు 28 వంతులకు దిగును. అందుచేతనే ఏ వేగమునకు ఎంత వోల్టేజి వలయునో పట్టిక వ్రాసి ఉంచెదరు. లినక్సు కెర్నెల్‌లో దీనిని ఓపీపీ పట్టిక యందురు.

ఇక నియమము. వేగము పెంచునపుడు ముందు వోల్టేజి, తరువాత క్లాకు. తగ్గించునపుడు ముందు క్లాకు, తరువాత వోల్టేజి. బండిపై బరువు వేయకముందే ఎడ్లకు మేత పెట్టవలెను. బరువు దించిన పిదపనే మేత తగ్గింపవలెను.

ఆజ్ఞ ఇచ్చినంతనే వోల్టేజి ఎక్కదు. మైక్రోసెకనుకు 12.5 మిల్లీవోల్టుల చొప్పున ఎక్కు రెగ్యులేటరు, 0.9 నుండి 1.2 వోల్టులకు చేరుటకు 24 మైక్రోసెకనులు పట్టును. అది మనకు కనురెప్పపాటు కూడ కాదు. 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసరునకు 24,000 అడుగులు! అంతవరకు డ్రైవరు వేచియుండవలెను.

ఆజ్ఞ నెరవేరనపుడు ఏమి చేయవలెను? వోల్టేజి ఎక్కనిచో క్లాకును ముట్టరాదు. వోల్టేజి ఎక్కి క్లాకు మారనిచో, వోల్టేజిని మరల దింపవచ్చును. క్లాకు తగ్గనిచో వోల్టేజిని ఎంతమాత్రము దింపరాదు. సందేహము కలిగినపుడు ఎక్కువ వోల్టేజి వైపే నిలువవలెను, ఆ చిప్ సహించు హద్దు మీరకుండ. విద్యుత్తు కొంత వృథా యగును గాని లెక్క తప్పదు.

ఇంత తెలిసియు నేనొకసారి పొరబడితిని. ఒక బోర్డునకు నేను వ్రాసిన డ్రైవరు పరీక్షలన్నియు నెగ్గినది. అయినను రీబూటు చేసినపుడు ఆ బోర్డు ఒక్కొక్కసారి లేవకుండెడిది. మెమొరీని అనుమానించితిమి, బోర్డు తయారీని అనుమానించితిమి. తుదకు ఒక చిన్నవాడు, మా జట్టులో కొత్తగా చేరినవాడు, కనిపెట్టినాడు: పని జోరుగా ఉన్నపుడు రీబూటు చేసిన లేచును, ఖాళీగా ఉన్నపుడు చేసిన లేవదు. ఖాళీ సమయమున వోల్టేజి తక్కువ. రీబూటుతో క్లాకు తన ఆరంభ వేగమునకు ఎగిరినది. విడిగా నున్న విద్యుత్ చిప్ మాత్రము రీసెట్ కాక, పాత తక్కువ వోల్టేజినే ఇచ్చుచుండెను. ఎక్కుటను, దిగుటను ఆలోచించితిని గాని వెడలిపోవుటను ఆలోచింపనైతిని. రీబూటునకు ముందు ఆరంభ వేగమునకు తగిన వోల్టేజిని నిలుపునట్లు కొద్ది పంక్తులు చేర్చగా రోగము కుదిరినది.

ఈ క్రమము తప్పుట పొరబాటున మాత్రమే జరుగదు. 2017లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, క్లాక్‌స్క్రూ అను ప్రయోగమున, నెక్సస్ 6 ఫోనులోని వేగ నియంత్రణను బుద్ధిపూర్వకముగా తప్పుదారి పట్టించి, రక్షిత విభాగములోని రహస్య సంకేతమును రాబట్టిరి. 2019లో వెల్లడియైన ప్లండర్‌వోల్ట్ దాడి ఇంటెల్ ప్రాసెసర్లలో వోల్టేజిని దించి, రక్షిత లెక్కలను తప్పించినది. ఈ రెండింటను సాధనము సాఫ్ట్‌వేరే. కావున వోల్టేజి పగ్గము ఎవరి చేతనుండవలెనో నిర్ణయించుటయు డ్రైవరు వ్రాయువాని బాధ్యతయే.

మన దేశమునను ప్రాసెసర్ల రూపకల్పన జరుగుచున్నది. మద్రాసు ఐఐటి శక్తి ప్రాసెసరు 2018లో మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ ప్రయోగశాలలో తయారైనది. ఇట్టి చిప్‌లకు డ్రైవర్లు వ్రాయుటకు మన బిడ్డలలో కొందరైన పూనుకొందురుగాక. వారికి నేను చెప్పదగినది ఒక్కటే: వేగము అందరికిని కనబడును, దానిని మోయు బలము కనబడదు. కనబడని దానిని ముందుగా సమకూర్చువాడే నమ్మదగిన పనివాడు.