నిర్మాతలు చెప్పవలసినది ఎంత?

కంప్యూటరు ఆటల నిర్మాణమునకు ఏండ్లు పట్టును. అంతకాలము వేచియుండు అభిమానులకు నిర్మాతలు ఏమి చెప్పవలెను? ఎంత చెప్పవలెను?

ఇంగ్లండులోని గిల్‌ఫర్డు పట్టణమునందలి హలో గేమ్స్ అను చిన్న సంస్థ, 2013 డిసెంబరులో 'నో మాన్స్ స్కై' అను ఆటను ప్రకటించెను. లెక్కకు మిక్కిలియైన గ్రహములు గల ఆ ఆటలో ఒకరినొకరు కలసికొనవచ్చునని ప్రధాన నిర్మాత షాన్ మరే చెప్పెను. విడుదల కొన్ని వారములు జరుగగానే ఆయనకు చంపెదమను బెదిరింపులు వచ్చెను. 2016 ఆగస్టులో ఆట వెలువడెను. మొదటి దినములలోనే ఇద్దరు ఆటగాండ్రు ఒకే గ్రహమున ఒకే చోట నిలిచియు, ఒకరికొకరు కానరాకపోయిరి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇట్టిచోట పుట్టినదే.

పిదప సంస్థ మౌనము వహించెను; నింద పెరిగెను. కాని పని ఆగలేదు. నవంబరునుండి క్రొత్త చేర్పులను ఉచితముగా ఇచ్చుచు, 2018లో ఆ కలయికను నిజము చేసిరి. పోయిన ఆదరణ క్రమముగా మరలివచ్చెను.

ఇందుకు భిన్నమైన మార్గము ప్రాగ్ నగరమునందలి వూబె సంస్థది. అసంపూర్ణమైన 'ఫ్యాక్టోరియో' ఆటను ముందే కొని ఆడుచున్నవారికి, వారు 2013 నుండి శుక్రవారపు లేఖలు వ్రాసిరి. జరిగిన పనియేగాక, పొరపాటులును, విడిచిన ఆలోచనలును అందుండెడివి. 2020లో ఆట పూర్తియగువరకు ఆ అలవాటు నిలిచెను.

చేయబోవుదానికంటె చేసినదానిని చెప్పుట మేలు. నిర్మాత మాటకు హద్దుండవలెను. అభిమాని ఆతురతకును హద్దుండవలెను.