మన మాట, దేవుని చిత్తం

ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టే రోజుల్లో అందరి నోటా ఒకటే మాట: ఈసారి ధర ఎట్లుంటదో? ఇలాంటి వ్యాపారపు లెక్కల గురించే కొత్త నిబంధనలో యాకోబు రాశాడు. ఫలానా ఊరికి పోతాం, లాభం తెస్తాం అని ధీమాగా చెప్పేవాళ్లను ఆపి, ప్రభువు చిత్తమైతే అన్న మాట చేర్చుకోమన్నాడు. మన క్రైస్తవుల ఇళ్లలో పెళ్లి మాటల్లో, ప్రయాణాల మాటల్లో అది ఇప్పటికీ వినిపిస్తుంది.

20వ శతాబ్దపు అమెరికాలో కెనెత్ హేగిన్ వంటి బోధకులు మరో దారి పట్టారు. విశ్వాసంతో నోరారా పలికితే స్వస్థత, సంపద దక్కుతాయన్నారు. వాళ్లకూ ఆధారముంది: జీవమరణాలు నాలుక వశమని సామెతల గ్రంథం 18వ అధ్యాయం చెబుతుంది. కానీ ఆ బోధలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. జబ్బు తగ్గని మనిషికి, నీ విశ్వాసం చాల్లేదన్న నింద కూడా మిగులుతుంది. గెత్సేమనే తోటలో యేసు తన శ్రమ తొలగించమని అడిగాడు, అడిగి తండ్రి చిత్తానికే వదిలాడు. ఆయన విశ్వాసానికి ఏం తక్కువ?

దేవుని చిత్తానికి వదలడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఆర్మూరుకు దక్షిణాన డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు మిషనరీలు డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టారు. నిజామాబాద్‌కు చెందిన హిందూ దాత నర్సా గౌడ్ విరాళమిచ్చారు. అక్కడ ప్రార్థనా చేసేవారు, కుష్ఠుకు అప్పట్లో వాడే చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లూ ఇచ్చేవారు.