ఫిర్యాదు కాగితం ఎట్లా రాసుకోవాలి
(పట్టణ సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశం, మందమర్రి)



పోయిన ఏడాది మన సభ్యురాలు ఒకామె మా దగ్గరికి ఒక కాగితం తెచ్చింది. ఒక కాంట్రాక్టరు కింద ఊడ్చే పని ఆమెది. అదే పని చేసే మగవాళ్లకు రోజుకు వంద రూపాయలు ఎక్కువ. మూడు పేజీల నిండా ఆమె కష్టం, పిల్లల చదువు, సూపర్‌వైజరు తిట్లు. చదివితే కళ్లలో నీళ్లొచ్చినయి. కానీ ఎవరికన్నా తక్కువ, ఎంత తక్కువ, ఎప్పటి నుంచి అన్నది ఎక్కడా లేదు. అధికారి ఏం లెక్క కడతడు?

"సంఘం మినిట్స్ పుస్తకం నువ్వే రాస్తవు గదా అక్కా, గట్లనే రాయి" అన్నం.

కూర్చుని మళ్లీ రాసినం. పనిలో చేరిన తేదీ, ఏ షిఫ్టు, పక్కన అదే పని చేసే మనిషి పేరు, ఇద్దరి కూలి. ఏ రోజు అడిగింది, "ఆడోళ్లకు గింతే" అని ఎవరన్నరు, అన్న మాట అన్నట్టే. చూసింది వేరుగా, విన్నది వేరుగా. తిట్లు తీసెయ్యలేదు, తేదీలతో వేరే పేరాలో పెట్టినం. చివర ఏం కావాలో రాసినం: ఫలానా నెల నుంచి తేడా డబ్బు. ఒకటిన్నర పేజీ అయింది. వెనుక బ్యాంకు పుస్తకం, హాజరు కార్డు జిరాక్సులు.

ముంబయిలో ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ మెకిన్నన్ మెకెంజీ కంపెనీ మీద ఇట్లాగే కొట్లాడింది. మగ స్టెనోగ్రాఫర్ల జీతం పక్కన తన జీతం పెట్టి చూపింది. యూనియన్‌తో ఒప్పందం ప్రకారమే ఇస్తున్నమని కంపెనీ వాదించింది. 1976 సమాన వేతన చట్టం కింద 1987లో సుప్రీంకోర్టు ఆమె వైపే తీర్పు ఇచ్చింది.

మన బొగ్గు ఊళ్లో ఒకటి గుర్తుంచుకోవాలె. ఆడవాళ్లు బాయిలోకి దిగి పని చెయ్యకుండా 1952 గనుల చట్టమే ఆపింది. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు పగటిపూట మాత్రం సడలించిన్రు. దాన్నీ కూలి తేడానూ ఒకే అర్జీలో కలిపితే రెండూ చెడతయి.

కూలి తేడా అర్జీ ముందు కార్మిక శాఖ అధికారికి ఇయ్యాలె. రేపు కోర్టుకు పోయినా ఆ మొదటి కాగితమే వెంట వస్తది. నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండ్రి. చదివి వినిపించకుండా సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యకండ్రి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా, న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తది. ఫోన్ 15100.

ఆమె అర్జీ మీద విచారణ ఇంకా నడుస్తున్నది. పిలిచినప్పుడల్లా ఇద్దరం తోడు పోతున్నం. వచ్చేసారి ఎవరు వస్తరో ఇయ్యాల్నే పేర్లు రాయించుండ్రి.