గుడిసె అని రాస్తే 8 వేలు, ఇల్లు అని రాస్తే లక్షా 20 వేలు

(పలమనేరులో దళితవాడల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె పక్క ఎండాకాలం సాయంత్రాల్లో గాలివాన లేస్తుంది. అరగంటలో అయిపోతుంది. తెల్లారి పేపర్లో మామిడి రాలిందని, టమోటా కట్టెలు పడినాయని, కరెంటు స్తంభాలు ఒరిగినాయని రాస్తారు. వాడలో ఎగిరిపోయిన రేకుల సంగతి ఆఖరి వాక్యంలో ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

గాలికి కులం లేదంటారు. నిజమే. గాలి తగిలే ఇంటికి మాత్రం ఉంది.

అమెరికాలో సుడిగాలి బలం ఎట్లా తెలుసుకుంటారో మేం చదివినాం. ఫుజిటా అనే శాస్త్రవేత్త 1971లో ఒక కొలత తయారు చేసినాడు, 2007లో దాన్ని సవరించినారు. సుడిగాలి నడుమ యంత్రం పెట్టి కొలవడం అరుదు. అందుకని తర్వాత మనుషులు పోయి ఏది పడింది, అది ఎంత గట్టిగా కట్టింది అని రెండూ చూసి లెక్క కడతారు. అన్నిటికన్నా కింది మెట్టు గంటకు 105 నుంచి 137 కిలోమీటర్లు. దాన్ని బలహీనమైన సుడిగాలి అంటారు. గట్టి ఇంటికి నాలుగు పెంకులు లేస్తాయంతే. పైన రాళ్ళు పెట్టి నిలబెట్టుకున్న మన రేకులకు అదే గాలి తగిలితే ఏం మిగులుతుంది?

ఇప్పుడు మన దగ్గర రాసే లెక్క చూడండి. 2022-23 నుంచి 2025-26 దాకా కేంద్రం పెట్టిన విపత్తు సహాయం రేట్లలో, మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పడితే, అది కచ్చా ఇల్లయినా సరే, లక్షా 20 వేలు. కచ్చా ఇల్లు కొంత పడితే 4 వేలు. గుడిసె అయితే మొత్తం పోయినా 8 వేలే. గుడిసె అంటే ఏమిటని ఆ కాగితంలోనే ఉంది: కచ్చా ఇంటికన్నా తక్కువది, తాత్కాలికంగా వేసుకున్నది. మరి మట్టిగోడ లేపి, రేకులు కప్పి, రెండు తరాలు కాపురం చేసిన ఇల్లు గుడిసె ఎట్లా అవుతుంది? వాడలో ఉంది కాబట్టి గుడిసె అని రాసేస్తే మనం ఊరుకోవాలా?

ఇంకొకటి. 2020 నవంబరు 25 రాత్రి నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి చిత్తూరు జిల్లాను ముంచింది. 2021 నవంబరులో మళ్ళీ ముంచింది. అప్పుడు వాడలు తిరిగి మేం నేర్చుకున్నది ఒకటే. మట్టిగోడ వాన కురిసేటప్పుడే పడాలని లేదు. బాగా నాని, మూడో నాడో నాలుగో నాడో కూలుతుంది. అప్పటికి రాసేవాళ్ళు వచ్చి పోయింటారు. ఒక వాడలో ఒక పెద్దమ్మ, "నా గోడ ఆలస్యంగా పడింది నాయనా, అదే నేను చేసిన తప్పు" అనింది. మాకు జవాబు రాలేదు.

పంట సంగతీ అంతే. 33 శాతం నష్టముంటేనే లెక్కలోకి వస్తుంది. ఆ డబ్బు పట్టా ఉన్నవాళ్ళకు పోతుంది. కౌలు చేసేవాళ్ళకు 2019 చట్టం కింద కార్డు ఉంది, దానికి భూమి యజమాని సంతకం కావాల. ఇక టమోటా కోసే ఆడవాళ్ళకు పోయిన కూలి రాసేదానికి గడే లేదు.

అందుకని ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. గాలి రాకముందే ప్రతి ఇంటికీ ఫోటో తీయండి. గోడ దేనితో కట్టింది, పైన ఏముంది, ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, పట్టా ఉందా లేదా రాయండి. గాలివాన పోయిన రోజూ, వారం తర్వాతా ఇల్లిల్లూ తిరగండి. వీఆర్‌ఓ వచ్చినప్పుడు పక్కనే నిలబడి ఏ మాట రాస్తున్నాడో చదివించుకోండి. తప్పు రాస్తే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ ఏడు రేటెంతో తహసీల్దారు ఆఫీసులో అడగండి.

చదువుకున్న పిల్లలు వాడకు ఇద్దరన్నా ఉండారు. ఈ పని వాళ్ళది. వచ్చే ఎండాకాలానికి ముందే మొదలుపెట్టాల.

జై భీమ్!