ఖైదీ సంతకం



ఖైదీల్లో హింసా ప్రవృత్తికి మూలాలేమిటి, మందేమిటి అని ఈ సదస్సులో ఉదయం నుంచి పత్రాలు వింటున్నాం. నేను మాత్రం ఆ పత్రాలన్నిటికీ ఆధారమైన, పరిశోధనకు ఒప్పుకుంటూ ఖైదీ పెట్టే సంతకం గురించే మాట్లాడతాను.

అమెరికాలోని మిచిగన్‌లో హత్యాభియోగం మీద పట్టుబడిన ఒకణ్ణి 1955లో విచారణ లేకుండానే ప్రభుత్వ మానసిక వైద్యశాలలో నిర్బంధించారు. పదిహేడేళ్ల తర్వాత, దౌర్జన్య స్వభావం తగ్గిస్తామంటూ డెట్రాయిట్ వైద్యులు అతని మెదడుకు ప్రయోగాత్మక శస్త్రచికిత్స తలపెట్టారు. అతను ఒప్పుకున్నాడు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. రెండు సమీక్షా సంఘాలూ సరేనన్నాయి. ఇంతలో ఒక న్యాయవాది కోర్టుకెక్కాడు. ఆ నిర్బంధమే రాజ్యాంగ విరుద్ధమని 1973లో కోర్టు తేల్చింది. విడుదల దొరికాక ఆ మనిషి ఆపరేషన్ వద్దన్నాడు! బలవంతపు నిర్బంధంలో ఉన్నవాడు ఇలాంటి ప్రయోగానికి ఇచ్చే సమ్మతి చెల్లదని అదే కోర్టు తీర్పు చెప్పింది. అన్నాళ్లూ అందరూ నమ్మిన ఆ అంగీకారం దేనికి? చికిత్సకా, బయటపడే దారికా? కోర్టు జోక్యం లేకపోతే ఈ ప్రశ్న ఎవరూ అడిగేవారు కాదేమో.

చికిత్స హాని చేయదనే ధీమా కూడా మనకు తగదు. కెనడాలోని ఓక్ రిడ్జ్‌లో మానసిక వైద్యశాలలో నిర్బంధంలోని రోగులే ఒకరికొకరు చికిత్సకులుగా నడిచిన కార్యక్రమం ఒకప్పుడు ఎంతో పేరు పొందింది. 1992లో వెలువడిన తదుపరి అధ్యయనం ప్రకారం, అక్కడ చికిత్స పొందిన సైకోపాత్‌లు చికిత్స లేకుండా జైల్లో ఉన్న అలాంటివారికంటే ఎక్కువగా హింసాత్మక నేరాలకు దిగారు.

మంచి ఉదాహరణ లేకపోలేదు. ఇంగ్లండులోని ఎయిల్స్‌బరీ జైలులో 231 మంది యువ ఖైదీల్లో కొందరికి విటమిన్లు, ఖనిజాలు, కొవ్వు ఆమ్లాలు, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో ఖైదీలకూ తెలియదు, సిబ్బందికీ తెలియదు. పోషకాలు తీసుకున్నవారిలో క్రమశిక్షణ ఉల్లంఘనలు మిగిలినవారికంటే దాదాపు 26 శాతం తక్కువగా ఉన్నాయని 2002లో ప్రకటించారు. నిజాయితీగా చేసిన పని. అయినా అక్కడా కొలబద్ద జైలు రికార్డే. వార్డరు చూడని దెబ్బ, ఫిర్యాదు చేయలేనివాడి గాయం ఆ రికార్డుకెక్కవు.

మన దేశానికొస్తే, జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే. కోపం వస్తే ఏం చేస్తావని పరిశోధకుడు అడిగితే, జవాబు కేసుకు చుట్టుకుంటుందేమోనని వాళ్లు భయపడటంలో తప్పేముంది? బెయిలు వచ్చిన రోజున చికిత్సా ఆగిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక ఆరోగ్య వార్డు ఉండాలంది. వార్డు కడితే సరిపోదు, అక్కడి మాట గుట్టుగా ఉంటుందన్న నమ్మకం కలగాలి.

అందుకే పరిశోధకులకు నా విన్నపం: శిక్ష తగ్గింపునో పెరోల్‌నో ఎరగా చూపి సంతకం తీసుకోకండి. చికిత్స ఫైలు జైలు అధికారి బల్లమీదికి వెళ్లనివ్వకండి. విడుదలైనవాళ్లను బయట కూడా కలిసి చూడండి. ఈ మూడింటినీ తీర్మానంగా చేసి రెండు తెలుగు రాష్ట్రాల జైళ్ల శాఖలకు పంపాలని సభను కోరుతున్నాను.