సంతకం పెట్టే ముందు



ఇవాళ పట్టాలు అందుకున్న మీలో చాలామంది ఇళ్ల పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికని ఈ బిలాస్‌పూర్ చేరినవాళ్లు. బతుకుతెరువు కోసం వెళ్లిన ప్రతిచోటా మనవాళ్లు తలా కాస్త చందా వేసుకుని గుడికో, బడికో, ఆపదలో ఉన్న ఇంటికో ఒక సంఘం పెట్టుకున్నారు. అలాంటి సంఘాలు, సేవాసంస్థలు రేపు మిమ్మల్ని కూడా కమిటీలోకి రమ్మంటాయి. చదువుకున్నవాళ్లు కదా, పేరు ఉంటే బాగుంటుందంటాయి. ఆ రోజు కోసమే ఇవాళ నాలుగు మాటలు చెప్పదలిచాను.

ముందు హైదరాబాదు సంగతి ఒకటి. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు సమావేశమైంది. అందులో హార్వర్డ్ ప్రొఫెసరు ఉన్నారు, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొనాలన్న ప్రతిపాదనకు ఆ బోర్డు ఆమోదం తెలిపింది. మదుపరులు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న రాజు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే రాశారు. అంత పెద్ద మనుషులున్న బోర్డు బ్యాంకు నిల్వ నిజమో కాదో తేల్చుకోలేకపోయింది.

ఇది వ్యాపార సంస్థ కథ కదా అనుకోకండి. 108 అంబులెన్సు సేవను 2005 ఆగస్టులో మొదలుపెట్టిన ఇఎమ్ఆర్ఐ లాభాపేక్ష లేని సంస్థ. దానికీ అధ్యక్షుడు రామలింగరాజే, వెనకున్న పెద్ద దాతా ఆయనే. ఒక్క ఉత్తరంతో అధ్యక్షుడూ పోయాడు, దాతా పోయాడు. అయినా అంబులెన్సులు ఆగలేదు. నడిపే ఖర్చులో పెద్ద భాగం అప్పటికే ప్రభుత్వ ఒప్పందాల ద్వారా వస్తోంది, లోపల పని తెలిసిన సిబ్బంది ఉన్నారు. 2009లోనే జీవీకే సంస్థ బాధ్యత తీసుకుంది. 2011లో మన ఛత్తీస్‌గఢ్‌లో సంజీవని ఎక్స్‌ప్రెస్ పేరుతో 108 మొదలైందంటే ఆ సంస్థ నిలబడబట్టే. అదే కుటుంబం పల్లెల కోసం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ మాత్రం చాలా పనులు తగ్గించుకోవలసి వచ్చింది. మంచి పని చేస్తున్నా, ఒకే చేతి నుంచి డబ్బు వస్తే ఆ చెయ్యి ఆగిన రోజు పని కూడా ఆగుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. నష్టపోయింది పల్లెల్లోని మనుషులు. వాళ్లకు ఆ బోర్డు పేరు కూడా తెలియదు.

మనకు దగ్గర్లోనే గనియారీ అనే ఊరు ఉంది. ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు కొందరు కలిసి జన్ స్వాస్థ్య సహయోగ్‌ను ఏర్పరిచి, అక్కడ పేదలకు వైద్యం మొదలుపెట్టారు. స్థాపించినవాళ్లలో కొందరు తర్వాత వేరే చోట్లకు వెళ్లారు. ఆసుపత్రి నడుస్తూనే ఉంది. అది మొదటినుంచీ పదిమంది కలిసి మోసిన పని.

రైలు నడిపేది డ్రైవరే. కానీ వెనక గార్డు బ్రేకు ప్రెషరు చూసుకుని పచ్చజెండా ఊపందే బండి కదలదు. కమిటీ సభ్యుడి పని గార్డు పని. సంస్థను రోజూ నడిపేవాళ్ల పనిలో వేలు పెట్టకూడదు, చూడకుండా జెండా ఊపనూ కూడదు.

మరి చూడవలసినదేమిటి? చాలా చిన్న సంఘాల్లో సమావేశమే జరగదు. మినిట్స్ పుస్తకం సైకిలు మీద ఇంటింటికీ తిరుగుతుంది, గడప దగ్గరే సంతకాలు పడతాయి. మీ గడపకు ఆ పుస్తకం వస్తే సంతకం పెట్టకండి. పైన ఏం రాశారో చదవండి. బ్యాంకు పాస్‌బుక్ తెమ్మనండి. రశీదు పుస్తకాల నంబర్లు వరసగా ఉన్నాయా, చింపిన రశీదుకల్లా కౌంటర్‌ఫాయిల్ ఉందా చూడండి. ఖర్చుల్లో ‘ఇతరములు’ అన్న వరస దగ్గర ఆగి, అందులో ఏమేం కలిసి ఉన్నాయో అడగండి. అడిగితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారన్న మొహమాటం నాకు తెలుసు. “బాబాయి గారూ, నేర్చుకుందామని అడుగుతున్నాను” అని మర్యాదగానే అడగండి. మర్యాద మీ గొంతులో ఉంటే చాలు, ప్రశ్నను మాత్రం వదిలిపెట్టకండి.

డబ్బు రావడమూ ఈ లెక్కల మీదే ఆధారపడి ఉంది. బొగ్గు కంపెనీ ఎస్ఈసీఎల్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం, నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. ఆ సొమ్ముతో పని చేయాలంటే సంస్థకు మూడేళ్ల అనుభవం, ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, పాలకవర్గం జాబితా, లెక్కలు రిజిస్ట్రారుకు పంపని సంఘానికి ఆ తలుపు తెరుచుకోదు. మామూలు దాతకూ అంతే. రూ. 2,000 దాటిన విరాళం నగదుగా ఇస్తే దానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. కోశాధికారి ఆ మాట ముందే చెప్పి చెక్కో, యూపీఐయో అడిగితే ఇచ్చేవాడికి ఈ సంఘం మీద గురి కుదురుతుంది.

అడిగే ముందు ఇవ్వాలి. కమిటీలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ శక్తి కొద్దీ, వంద రూపాయలైనా సరే, ముందు తమ పేరు రాయించుకోవాలి. “మీ కమిటీవాళ్లు ఎంతెంత వేశారు?” అని దాత అడిగితే తడబడకూడదు. ఖర్చు పెట్టేవాళ్లూ లెక్క రాసేవాళ్లూ ఒకరే కాకూడదు. ఒకే ఇంటివాళ్లు అధ్యక్షుడూ కోశాధికారీ కాకూడదు. ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీలో ఉన్న పెద్దాయన ఎంత మంచివారైనా, ఆయన ఉండగానే మరొకరికి పని నేర్పించాలి. చట్టం అడిగినా అడగకపోయినా ఇవి చేయవలసినవే.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఆ తర్వాత మీ కాలనీ సంఘం సర్వసభ్య సమావేశం ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. గత ఏడాది ఆడిట్ నివేదిక ముందుగానే తీసుకుని చదివి వెళ్లండి. కోశాధికారి పదవికి ఎవరూ ముందుకు రాకపోతే, బీకాం చదివినవాళ్లు ఇంతమంది ఇక్కడ ఉన్నారు, మీ పేరు ఇవ్వండి.