సంతానలేమి: పురుషుని పరీక్ష
(మహదేవపురలో మన సంఘ సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను, వైద్యుడను గాను. నా చదువు ఎస్సెస్సెల్సీతో ముగిసినది. అయినను ఈ విషయమును మీ ముందుంచక తప్పదు.

సుమారు ఇరువది యేండ్ల క్రిందట మా బంధువులలో ఒక కోడలిని, బిడ్డలు లేరను కారణమున పుట్టినింటికి పంపివేసిరి. పెద్దలు కూర్చుండి నిర్ణయించిన నాడు నేనును ఆ చాప మీదనే యుంటిని, నోరు మెదపనైతిని. పిమ్మట ఆమెకు వేరొకచోట వివాహమై ఇద్దరు బిడ్డలు కలిగిరి. ఇతనికి రెండవ భార్య వలనను సంతానము కలుగలేదు. అప్పుడు గాని అతడు పరీక్షకు పోలేదు. యౌవనమున సోకగా సిగ్గుచే దాచిన రోగము వీర్యకణములు వెలువడు నాళములను మూసివేసినదని తేలినది.

ఇది యెట్లు జరుగును? సెగరోగము, క్లమీడియా, మూత్రమార్గపు సూక్ష్మజీవులు పైకి ప్రాకి, వృషణముల నంటియున్న సన్నని చుట్టగొట్టమునకును, పౌరుషగ్రంథికిని వాపు కలిగించును. క్షయయు అచ్చటికి చేరగలదు. వాపు తీసినను లోపల మచ్చ కట్టినచో కణములకు దారి యుండదు. యుక్తవయస్సున గవదబిళ్ళలు సోకిన కొందరికి వృషణములే వాచి కృశించును. ప్రతి వాపును ఇంతవరకు రాదు. సకాలమున మందు పడిన పెక్కురు బాగుపడుదురు. అయితే క్లమీడియా నొప్పి లేకయే యుండవచ్చును.

సంతానము లేని దంపతులలో సుమారు సగము మందియందు పురుషుని లోపమునకును పాలు కలదు. జమ చూడక ఖర్చు మాత్రమే చూచి లెక్క తేల్చు వర్తకుడు మనలో నున్నాడా?

తరతరములుగా ఇచ్చట స్థిరపడిన మన ఇండ్లన్నియు సంబంధ బాంధవ్యములతో పెనగొనియున్నవి. మాట బయటపడునను భయమే మగవారిని వెనుకకు లాగుచున్నది. 12 నెలలు గడచినను గర్భము నిలువనిచో దంపతులిద్దరును కలిసి వైద్యుని చూడవలెను. వీర్యపరీక్షకు 2 మొదలు 7 దినముల బ్రహ్మచర్యము చాలును; సూది లేదు, కోత లేదు. మంట, చీము, వాపు కనబడిన నాడే వైద్యుని యొద్దకు పొండు. అంగడి మాత్ర మ్రింగి ఊరకుండకుడు. వృషణమున అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి పుట్టినచో గంట యైనను ఆలసింపరాదు. సంపర్కమున సోకిన రోగమునకు భార్యాభర్తలిద్దరికిని మందు వలయును. పెద్ద సర్కారు ఆసుపత్రుల సురక్ష క్లినిక్కులలో ఈ చికిత్స ఉచితము. క్రొత్త కణములు సిద్ధమగుటకు రెండున్నర నెలలు పట్టును గాన, మూడు నెలల పిమ్మట మరల పరీక్షింపవలెను.

ఇకమీదట అట్టి తగవు సంఘ పెద్దల ముందుకు వచ్చినచో మన మొదటి ప్రశ్న ఇదియే కావలెను: "అబ్బాయి పరీక్ష చేయించుకొనెనా?" ఆనాడు నేను అడుగవలసిన మాట ఇదియే. సెలవు.